వల్లకాటి కట్ట

ముందు పెద్దవాళ్ళని ఏరుకోవాలి.
మామూలు ఆటలో చేతికొస్తే
ఎనిమిది నాణేలు పోస్తేగానీ కదలకుండా
బరువై కూర్చునేవాళ్ళని.
బూడిద తిమింగలాలు రెండు.
ఏడు గొంతుల రాణి ఒకతె.
కొలిమిలో పుట్టిన దేవదూత ఒకడు,
ఇతని రెక్క మీద కాఫీ మరక,
అందుకే సగం ధరకిచ్చాడు సెవెరిన్.

వూచ్ నగరంలో, పాత నూలుమిల్లు వెనకాల,
సెవెరిన్ కొట్టు: ఐదు బల్లలు, ఒక హీటరు.
ట్రామ్ డిపో నుంచి వస్తాను నేను,
చేతులు ఎంత తోమినా గోళ్ళకింద గ్రీజు పోదు.
నా ముక్కలకి రెండేసి తొడుగులు.

తర్వాత, పారేసేవి కావాలి.
రెండు ముక్కలు తీసుకుని రెండు పారెయ్యమనేవి.
రమ్మీలో చెయ్యి తిరిగిన మా బావమరిది
నా భుజం మీంచి తొంగిచూసి నోరు తెరిచాడు:
"పనికిరానిది కదా పారేస్తారు ఎవరైనా!
రాణిని పారేస్తావేంటి ఇరెనేవుష్?"
గోతికాడ నక్క చావు కోసం కాచుకుంటుంది.
నాకంత ఓపిక లేదు,
నేనే తోస్తాను.

ఆఖరికి, లేపేవి.
గోరీ తవ్వేవాడి ఈల నాలుగు, ఒక్కోటి రెండే నాణేలు.
అరువు ఊపిరి మూడు. ఇది లేపినవాడు
ఒక్క దెబ్బ కొట్టి, ఇక రాకుండా పోతాడు.
డిపో చీటీ వెనక లెక్కవేశాను:
అరవైలో ఇరవైరెండు నేలలు,
ఇంకా రెండు ముక్కలకి చోటుంది.
దీపాల కుర్రాళ్ళని పెట్టాను,
ఒక నాణెం ధర, ఒక చుక్క బలం,
చోటు నింపడానికి.

మా డిపో వెనక పట్టాల మీద
ముప్ఫై ట్రాములు తుప్పుపట్టి ఉంటాయి.
ఒకదాని అద్దం ఇంకోదానికి,
కాలిపోయినదాని గంట కొత్తదానికి.
దాన్నెవరూ శ్మశానం అనరు.
"వెనక చూడు, దొరుకుతుంది" అంటారు.

అక్టోబరు ఆఖరి రాత్రి, పందెం.
నా ఎదుట కలీనా. పదమూడేళ్ళు, పళ్ళకి తీగ,
ఒక చేతికే ఎర్ర తొడుగు.
మొదటి ఆటలో మూడో వంతుకే
తిమింగలం లేచింది, బల్ల నిండా నీళ్ళు కారినట్టు.
నేను నవ్వకుండా ఉండలేకపోయాను.

రెండో ఆట.
వల్లకాట్లో పదకొండు ముక్కలు పేర్చుకున్నాను,
రాణి, దేవదూత, అంతా అక్కడే,
చేతిలో ఈల.
కలీనా ఒక్క నాణెం పెట్టి
ఉప్పు చల్లే ముసలమ్మని దింపింది.
"మీ వల్లకాడు మొత్తం
ఆట బయటికి, అండీ."

చావుకి అవతల కూడా ఒక పెట్టె ఉందని
రూల్సులో చదివాను గానీ,
అంతమందిని అందులోకి
నా చేత్తో ఎప్పుడూ దించలేదు.
చచ్చినవాడి కళ్ళు చారెడంటారు;
ఆ పదకొండూ బల్ల పక్కకి జరుగుతుంటే
మరక పడ్డ దేవదూత కూడా ఎంత అందంగా ఉన్నాడో!

దీపాల కుర్రాడు మిగిలాడు.
ఒకటి కొట్టాడు. మళ్ళీ ఒకటి.
కలీనా కనుబొమలు ముడేసి
వాడికోసమే రెండు ముక్కలు ఖర్చుపెట్టింది.
ఓడిపోయాను. మూడోదీ ఓడిపోయాను,
దాని గురించి చెప్పుకోడానికేం లేదు.
ఇంటికెళ్ళి ఒక తిమింగలాన్ని తీసి
డబ్బాలో పెట్టాను. మళ్ళీ తీశాను. మళ్ళీ పెట్టాను.

పొద్దున నాలుగింటికి డిపో ఫోను.
సమాధుల పండగ. ఊరంతా
చేమంతులూ గాజు దీపాలూ పట్టుకుని బయల్దేరుతుంది,
పదకొండు ట్రాములు అదనంగా కావాలి,
పది ఉన్నాయి.

తొమ్మిదికి స్మశానం స్టాపులో నిలబడ్డాను, చేతిలో స్పానరు.
పదకొండోది వచ్చింది, ఒంటినిండా పసుపు,
ఒక్క తలుపు మాత్రం ఎరుపు,
మూడోసారికి గానీ మూసుకోదు.
వాళ్ళ బామ్మ చెయ్యి పట్టుకుని
కలీనా దిగింది, రెండో చంకలో చేమంతుల కుండీ.
ఎవరికోసమని నేనడగలేదు.
ఆ పిల్లే ఆగి, తలుపు మీద వేలితో కొట్టి
"ఇదెక్కణ్ణించి తెచ్చారు?" అంది.

"వెనక నుంచి" అన్నాను.